ఆ రోజు వాన సున్నా

ఓపెన్‌కాస్టు గనిలో మట్టి దిబ్బ జారి జైపాల్ చనిపోయిన రోజు గోదావరిఖనిలో చినుకు కూడా పడలేదని, విశ్వవిద్యాలయం వాతావరణ ప్రయోగశాలలోని కొత్త సాఫ్ట్‌వేర్ చెప్పింది.

"గట్లెట్ల చెప్తది?" అంది సారక్క.

ఆమె జైపాల్ తల్లి. తెల్లారితే పదకొండు గంటలకు అతని చావు మీద విచారణ. వాన లేనిదే మట్టి తనంతట తాను జారదనీ, జైపాల్ తాగి దిబ్బ కిందికి వెళ్లి దాన్ని కదిలించి ఉంటాడనీ మట్టి పని కాంట్రాక్టరు రాసిచ్చాడు. జైపాల్ తాగడు. ఆ సంగతి కాలనీ అంతా చెప్పింది కానీ కాలనీకి ముద్ర లేదు. వాన పడినట్టు ప్రయోగశాల ముద్రతో కాగితం తెస్తే 'తాగి' అన్న మాట కొట్టేస్తానని విచారణాధికారి అన్నాడు. ఆ ఒక్క మాట కోసం ఆమె పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి వచ్చింది.

ప్రయోగశాల అధిపతి వేణుమాధవ్ కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పాడు. జూలై పందొమ్మిది. గంటకో గడి. ఇరవై నాలుగు గడుల్లోనూ సున్నాలే.

"ఆ దినం తెల్లారంగ మొదలైన వాన పొద్దుగూకినా ఆగలే సారు. మా ఇండ్లల్లకు నీళ్లొచ్చినయి. మీరు ఊళ్లె లేరా?"

"ఉన్న."

"తడువలేదా?"

"తడిసిన. జరమొచ్చి రెండు దినాలు లీవు పెట్టిన. కానీ అది నా సొంత అనుభవం అమ్మా. డేటా కాదు."

ఆయన ఈ మాట కోపంగా అనలేదు. విద్యార్థులకు చెప్పినంత ఓపికగా చెప్పాడు. మనిషి కన్ను పొరపాటు పడుతుంది, సాఫ్ట్‌వేర్ పడదు. ఇదివరకు మొగిలి అనే అటెండరు రోజూ పొద్దున గాజు గొట్టంలో నీళ్లు కొలిచి నోటుబుక్కులో రాసేవాడు. ఒకరోజు తొమ్మిది మిల్లీమీటర్లు, మర్నాడు నలభై, ఆ మర్నాడు ఏమీ లేదు. ఒక పద్ధతంటూ ఉండేది కాదు. సాఫ్ట్‌వేర్ పెట్టించాక గొట్టాన్ని స్టోరుకూ, మొగిలిని హాస్టల్ మెస్సుకూ పంపించారు. జూన్ ఆఖరు నుంచి అంకెలన్నీ ఒకే తీరుగా వస్తున్నాయి. వాటి ఆధారంగా ఈ ప్రాంతం నుంచి రుతుపవనాలు తప్పుకున్నాయని తాను రాసిన వ్యాసం ఒక జాతీయ సదస్సుకు ఎంపికైంది కూడా.

సారక్క అంతా విన్నది.

"దవాఖానల నా కొడుకు అంగీ మూటగట్టి ఇచ్చిండ్రు సారు. ఇంటికొచ్చి విప్పితె నీళ్లు కారినయి. మరి అది ఎట్ల తడిసింది?"

అంగీలు తన శాఖ పరిధిలోకి రావని వేణుమాధవ్ అన్నాడు.

వాన పడిందని రాసేదాకా కదలనని ఆమె కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఆయనకు పన్నెండింటికి క్లాసు ఉంది. ఆమెకు నమ్మకం కలిగించడానికి సాఫ్ట్‌వేర్ ఎక్కించిన ఖైజర్‌కు ఫోన్ చేశాడు. మార్కెట్లో కంప్యూటర్ దుకాణం నడిపే ఖైజర్ అరగంటలో వచ్చాడు. సంగతి విని, సారక్కకు నమస్కారం పెట్టి, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పైకప్పు మీద ఉన్న యంత్రం పదిహేను నిమిషాలకోసారి సున్నా అని పంపుతోంది. సాఫ్ట్‌వేర్ సున్నా అని రాసుకుంటోంది. ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా తప్పిపోలేదు.

"చూసినవా అమ్మా? ఒక్క తప్పు లేదు" అన్నాడు వేణుమాధవ్.

ఖైజర్ తెర మీంచి తల తిప్పలేదు. "సార్, నలభై ఎనిమిది దినాలాయె, ఒక్క చుక్క రాయలే. నిన్న సుత వాన కొట్టింది గద. నా బండి మునిగింది."

"నీది సుత సొంత అనుభవమే."

యంత్రం ఏది చెబితే సాఫ్ట్‌వేర్ అదే రాస్తుందనీ, తాను ఎక్కించింది సాఫ్ట్‌వేర్ మాత్రమేననీ, పైన యంత్రం నిలబెట్టిన వాళ్లు వేరే అనీ ఖైజర్ చెప్పాడు. ఒక్కసారి పైకి వెళ్లి దాన్ని చూసి వస్తానన్నాడు. అవసరం లేదన్నాడు వేణుమాధవ్. యంత్రానికి ఏమీ కాలేదు, వచ్చిన రోజు ఎట్లా ఉందో అట్లాగే భద్రంగా ఉంది.

ఈలోగా కాగితం తయారైంది. జూలై పందొమ్మిదిన వర్షపాతం సున్నా మిల్లీమీటర్లు. కింద సంతకం, గుండ్రటి ముద్ర. సారక్కకు చదువు రాదు. ఖైజర్ చదివి వినిపించాడు, ఆమె ముఖం చూడకుండా.

ఆమె కాగితం అందుకోలేదు. కాళ్లు కిందికి దించి చెప్పులు తొడుక్కుంది.

"పైకి మెట్లు ఎటున్నయి బిడ్డా?"

ఖైజర్ ముందు నడిచాడు. ఏదీ ముట్టుకోవద్దని హెచ్చరిస్తూ వేణుమాధవ్ వెనకాలే ఎక్కాడు. పైకప్పు మీద నిన్నటి నీళ్లు చీలమండల దాకా నిలిచి ఉన్నాయి. ముగ్గురూ ఆ నీళ్లలోనే నడిచి మధ్యలో ఉన్న ఇనుప స్తంభం దగ్గరికి వెళ్లారు.

వానను కొలిచే యంత్రానికి చుట్టిన ప్లాస్టిక్ కవరు, దాని మీద కట్టిన ఎర్ర రిబ్బను అలాగే ఉన్నాయి. వాటిని విప్పి ప్రారంభించాల్సిన ముఖ్య అతిథి ఇంకా తారీకు ఇవ్వలేదు.