గెలిస్తే మొక్కిన గుండు

ఆదోనిలో ఫుట్‌బాల్ ఫైనల్ పోయింది. ఎమ్మిగనూరు జట్టు తరఫున ఆఖరి పెనాల్టీని యేసేపు గోలు బారు మీదుగా తన్నాడు.

"యాడన్నా పడి సావు పోరా!" అని అందరికంటే గట్టిగా అరిచింది ఈరేష్. కప్పు వస్తే ఉరుకుంద ఈరన్న స్వామి గుడి దగ్గర గుండు కొట్టించుకుంటానని ఊరంతా చెప్పుకుని తిరిగినవాడు.

పొద్దు వాలినా యేసేపు ఇంటికి రాలేదు. వాని బూట్లు మాత్రం కాలువ గట్టు మీద కనబడ్డాయి.

ఈరేష్ నీళ్లలోకి దిగాడు. కాళ్లతో అడుగు తడుముతూ పోయాడు. కాలికి మెత్తగా నాచు తగిలినా వంగి చేత్తో పైకి లాగి చూశాడు. "స్వామీ, స్వామీ" అనడం తప్ప నోట ఇంకో మాట రాలేదు.

వంతెన కింద, మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చుని ఉన్నాడు యేసేపు.

"నా వల్లనే పోయెనన్నా కప్పు."

"లెయ్‌రా. మీయమ్మ బువ్వ తినకుండా కూచోనుంది."

సోమవారం ఉరుకుందలో ఈరేష్ తల తడుపుకుని కూర్చున్నాడు. పక్కన యేసేపు తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. మంగలిదీ ఎమ్మిగనూరే. కత్తి ఆపాడు.

"ఓడిపోతిరి కదప్పా. గెలిస్తే కదా గుండంటివి?"

"గెలిస్తిమిలే, గొరుగు."