కుళ్లాయమ్మ పది సాళ్లు

కుళ్లాయమ్మ వేరుశనగ మొక్క పీకి, వేరుకున్న బుడిపెను గోటితో గిల్లింది. లోపల నెత్తురులా ఎర్రగా ఉంది. అంటే బ్యాక్టీరియా బతికే ఉంది.

నేలకు వైరస్ సోకి పదేళ్లయింది. పైరుకు నత్రజని అందించే బ్యాక్టీరియాను అది ఏటా మింగేస్తోంది. అందుకే విత్తే ముందు ప్రతి రైతూ కంపెనీ పొట్లం కొని, బెల్లం నీళ్లలో కలిపి విత్తనానికి పట్టించాలి. పొట్లం లేకుండా విత్తడం నేరం. ఈ మూల పది సాళ్లకు మాత్రం ఆమె పట్టించలేదు. ఇక్కడి మట్టిలో వైరస్‌కు లొంగని బ్యాక్టీరియా దానంతటదే పుట్టింది.

ఈ సంగతి కంపెనీకి తెలిసిపోయింది. ఇన్‌స్పెక్టర్ వస్తాడని విని, కుళ్లాయమ్మ తెల్లారగానే ఆ సాళ్లకు బిందెలతో నీళ్లు పోసింది.

అతను బురదలో సాళ్లన్నీ తిరిగి ఫొటోలు తీశాడు. గట్టెక్కి మందు పంపు అందుకున్నాడు.

"దొంగ బ్యాక్టీరియా పెంచుతావా? మొత్తం చంపేస్తా."

"సంపు సారూ. వైరస్సుకు చేతగానిది నీకన్నా అయితాదేమో సూద్దాం."

మందు పడి ఆకులు వడలిపోతుంటే ఆమె కళ్లు తిప్పుకోలేదు.

"ఈ పొద్దు ఇంగా ఎన్ని చేలు సూడాల?"

"ఊరంతా. నలభై."

"గట్టు మీద నిలబడి సూస్తే ఏం తెలుస్తాది సారూ? ప్రతి చేన్లోనూ నడిమధ్యకు దిగి సూడు. ఒక్కటీ ఇడిసిపెట్టొద్దు."

అతను పక్క చేలోకి దిగాడు. బూట్లకు ఎర్రమట్టి ముద్దలు ముద్దలుగా అంటుకుని ఉంది. చేను నడుమ నిలబడి, విసుక్కుంటూ ఒక కాలు దులుపుకున్నాడు. తర్వాత రెండోది.