పిట్ట ముట్టని విస్తరి

"కాకి వచ్చేదాంక ఎవ్వలు కదలొద్దు!"

చెట్ల చాటు నుంచి కేక వినబడగానే కరుణాకర్ సైకిల్ పట్టుకుని ఉన్నచోటే బిగుసుకుపోయాడు.

"ఖాకీలట బామ్మర్దీ! పర్మిషన్ లేకుంట ఈ అడవిలకు రావొద్దని చెప్పిన్నా?"

"చెప్పింది నేను బావా. 'అడవికి పోవుడు అడిగి పోవుడా' అన్నది నువ్వు," అన్నాడు వీరేందర్.

జనగామలో సైకిలెక్కి ఇది మూడో రోజు. కాటారం దాటి గుట్టలు మొదలయ్యాక వాళ్లు సైకిలెక్కడం మానేశారు, సైకిలే వాళ్ల మీదికెక్కింది. ఇప్పుడీ మలుపులో కరుణాకర్ వెనక టైరు తుస్సుమంది. పారిపోదామంటే గాలి లేదు, టైరులోనూ లేదు, గుండెలోనూ లేదు.

చెట్ల వెనక నుంచి ఒక ముసలామె వచ్చింది. పేరు బుచ్చవ్వ.

"బుగులు పడకుండ్రి కొడుకా. ఖాకీ కాదు, కాకి. మా ముసలాయన పోయి మూడొద్దులు. ఇప్పుడే పిట్టకు పెట్టినం."

రోడ్డు పక్క బండ మీద మోదుగాకుల విస్తరి ఉంది. అన్నం, కోడికూర, దొప్పలో కల్లు. దూరంగా చెట్ల కింద ఇరవై మంది దాకా కూర్చున్నారు. పిట్ట ముట్టేదాకా వాళ్లెవరూ మెతుకు ముట్టరు.

"అట్లయితె మేం అవతలికి పోతం అవ్వా," అన్నాడు కరుణాకర్.

"ఎందుకు పోవుడు? బండ పక్కన్నే మంచిగ నీడున్నది. గీడ్నే బాగుజేసుకోండ్రి," అంటూ ఆమె కూడా అక్కడే చతికిలబడింది.

వీరేందర్ చక్రం విప్పాడు. ఇంతలో కొమ్మ మీద కాకి వాలింది. చెట్ల కింద అందరూ ఊపిరి బిగబట్టారు.

"కొడుకా, గా గంట మోగుతదా?" అంది బుచ్చవ్వ.

ఎవరైనా అడిగితే కాదనే మనిషి కాదు కరుణాకర్. ట్రింగు ట్రింగుమనిపించాడు. కాకి తుర్రుమంది.

"బాపూ, ముట్టు! నీ బొక్కలు, బూడిద కాళేశ్వరం గోదాట్ల కలుపుతా!" పెద్దకొడుకు ఐలేశ్ అరిచాడు.

ఇంకో కాకి వచ్చింది.

"గీ ఎర్రటోపీ ఏంది కొడుకా? ఏదీ, జర ఊపు."

కరుణాకర్ హెల్మెట్ ఊపాడు. కాకి ఊరు దాటిపోయింది.

"బాపూ, నిలువెత్తు ఫోటో కట్టిస్త! ముట్టు!" చిన్నకొడుకు జీవన్ గొంతు.

మూడో కాకికి గాలిపంపు ఎట్లా కొడతారో చూపించమంది. నాలుగో కాకికి జనగామ ఎటు దిక్కు ఉందో చెయ్యెత్తి చూపమంది. పంక్చర్ అతికింది. వీళ్లు లేచినప్పుడల్లా "ఛాయ్ వస్తాంది, కూసోండ్రి" అనేది. ఛాయ్ మాత్రం రాలేదు.

"బావా, పిట్ట ముడ్తలేదు గని మనకే ముట్టడైంది. పొద్దుగూకక ముందు గుట్ట దిగాలె," గొణిగాడు వీరేందర్.

"నాకు గూడ ఏం సమజైతలేదుర. సైకిల్ యాత్ర అనుకుంటె కాకుల జాతరైంది."

ఐలేశ్ విసురుగా వచ్చాడు. "ఓ సైకిలన్నలూ, జర అవతలికి పోరాదుండ్రి!"

బుచ్చవ్వ అడ్డం తగిలింది. "మీ బాపు తొవ్వల పోయేటోళ్లను ఎన్నడన్న ఎల్లగొట్టిండార? ఆయన మనసుల ఏదో ఉన్నది. గది అడుగుపో."

ఐలేశ్ తల గోక్కుంటూ వెనక్కి పోయాడు. చెట్ల కింద గుసగుస మొదలై గొడవయింది.

"చెల్లె చేసుకుంటున్న ఎకరం సంగతేనేమో అన్నా," అన్నాడు జీవన్. "ఐదేండ్ల సంది అండ్ల పత్తి ఏస్తాంది పాపం."

"బాపు ఎన్నడన్న ఇస్తనన్నడా? నోర్మూయి! ఈ ఎండకాలం ఆ ఎకరం మనం దున్నుకుందామని అనుకున్నం గద!"

పక్కనే ఉన్న చెల్లెలు మంజుల కొంగు నోట్లో కుక్కుకుంది.

మధ్యాహ్నం రెండయింది. ఆకలికి పిల్లలు ఏడుస్తున్నారు, పెద్దలు ఏడవలేక కూర్చున్నారు. కులపెద్ద విసుక్కున్నాడు. "అరె ఐలేశూ, అడిగిచూడరాదుర. మాట పోతదా, పేగులు పోతయి గని!"

ఐలేశ్ నాలుగడుగులు ముందుకొచ్చి బండ వైపు దండం పెట్టాడు.

"బాపూ! మంజుల ఎకరం మంజులకే ఇస్తం. పదిమందిల చెప్తున్న. పట్టా గూడ చేస్తం. ఇగనన్న ముట్టు!"

బుచ్చవ్వ మోకాళ్లు దులుపుకుని లేచింది.

"నడువుండ్రి కొడుకా. చెట్ల కిందికి పోదాం."

సైకిళ్లు నడిపించుకుంటూ ఇరవై అడుగులు వేశారో లేదో, రెండు కాకులు విస్తరి మీద వాలాయి. ఒకటి కోడికాలు ఎత్తుకుపోయింది.

"ముట్టింది! ముట్టింది!"

చెట్ల కింద ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. ఐలేశ్ చెల్లెలిని పట్టుకుని భోరుమన్నాడు. "బాపు మనసంత నీ మీద్నే ఉండెనె!"

కరుణాకర్‌కు సంతోషమూ ఆగలేదు, సందేహమూ ఆగలేదు. గొంతు ఎట్లాగూ ఆగదు.

"అవ్వా, నాకొక్కటి సమజైతలేదు. కాకి వచ్చినప్పుడల్ల నువ్వే గంట కొట్టమంటివి, నువ్వే టోపీ ఊపమంటివి. మమ్ముల అప్పుడే పోనిస్తె పొద్దుగాల్నే ముట్టేది గద!"

ఏడుపులు ఆగిపోయాయి. ఇరవై తలలు బుచ్చవ్వ వైపు తిరిగాయి.

"అవ్వా... మరి బాపు కోరిక?" ఐలేశ్ నోరు తెరిచాడు.

"మీ బాపుకు కోడికూర తప్ప ఏ కోరికా లేకుండె కొడుకా," అంది బుచ్చవ్వ, విస్తళ్లు పరుస్తూ. "ఎకరం కోరిక నాది. పదిమంది విన్నరు, పిట్ట తిన్నది. ఇగ రాండ్రి, మీరు గూడ తినుండ్రి!"