బిరడా మీద బొట్టు

బంతి మళ్ళీ కుంగిపోయింది.

సత్యవేణి నడుము పట్టుకుని నిలబడి దానివైపు చూసింది. నిన్న సాయంత్రం వేలితో కొడితే టంగుమన్న నీలం వ్యాయామం బంతి, ఇప్పుడు ఉడికిన వంకాయలా హాలు మూలన చతికిలబడి ఉంది. వారంలో ఇది నాలుగోసారి. మొదటిసారి పంక్చరేమో అనుకుంది. రెండోసారి బిరడా వదులేమో అనుకుంది. మూడోసారి అనుమానం మొదలైంది. ఈసారి గాలి కొట్టే పంపు కూడా మాయమైంది.

ఇవాళ శుక్రవారం. సాయంత్రం బోయిన్‌పల్లి నుంచి ఫిజియోథెరపిస్టు కుసుమకుమారి వస్తుంది. ఆ బంతి మీద ఇరవై నిమిషాలు నిటారుగా కూర్చోబెట్టి చూస్తుంది. నొప్పి రాకపోతేనే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద సంతకం. ఆ కాగితంతో సోమవారం ఆఫీసులో చేరకపోతే, నడుం నొప్పికి పెట్టిన రెండు నెలల సెలవుతో పాటు ఉద్యోగం కూడా ముగిసిపోతుంది. హైటెక్ సిటీలో కంపెనీలు బియ్యంలో రాళ్ళు ఏరినట్టు మనుషుల్ని ఏరేస్తున్న రోజులవి.

"మళ్ళీనా?" అంటూ భర్త కన్నబాబు వచ్చాడు. మెడలో ఐడి కార్డు, భుజాన బ్యాగు. ఇద్దరిదీ ఒకే కంపెనీ. ఆమె మంచమెక్కినప్పటి నుంచి ఆఫీసు కబుర్లన్నీ అతను చెప్పాల్సిందే. "పోనీ, ఇంకో నెల పొడిగించు వేణీ. మీ మేనేజర్‌తో నేను మాట్లాడతాలే. ఆరోగ్యం కంటే ఉద్యోగం ఎక్కువా?"

"ఇప్పుడు ఎక్కువే" అంది సత్యవేణి.

అతను కంపెనీ బస్సు తప్పిపోతుందని గబగబా మెట్లు దిగాడు.

"నాన్నా, డబ్బా మరిసిపోనావు" అంటూ అతని తల్లి దేముడమ్మ వెనకాలే పరిగెత్తి, టిఫిన్ డబ్బా చేతికిచ్చి వచ్చింది. కొడుక్కి ఆమె మామగారి పేరు పెట్టారు. మామగారి పేరు కోడలు నోటితో అనకూడదు కాబట్టి, పుట్టిన నాటి నుంచి ఆమెకు కొడుకు 'నాన్న'.

సత్యవేణి పళ్ళు బిగించి వంగి బిరడాని తడిమింది. నిన్న సాయంత్రం ఎవరికీ చెప్పకుండా దాని మీద ఒక స్టిక్కర్ బొట్టు అంటించింది. ఆకుపచ్చది. ఎప్పుడో పట్టుచీర మీదకని కొని, రంగు నచ్చక ఒక్కసారి కూడా పెట్టుకోనిది. బంతి దానంతటది కుంగితే బొట్టు అక్కడే ఉండాలి.

లేదు. అంటే చెయ్యి పడింది. ఇంట్లో ఉండేది ముగ్గురే.

వెనకనుంచి దేముడమ్మ తడి బకెట్టుతో దండెం వైపు వెళ్తోంది. భర్త పోయిన ఈ ఏడేళ్ళలో ఏనాడూ బొట్టు ముట్టని ఆవిడ ముంజేతి మీద ఆకుపచ్చగా ఏదో మెరిసింది.

"అది మీ చేతికెలా వచ్చింది అత్తయ్యా?"

దేముడమ్మ చెయ్యి తిప్పి చూసుకుంది.

అంతే, సత్యవేణి ఓర్పు కట్ట తెగింది. నిన్న బిరడా మీద తాను అంటించిన బొట్టు అదేనంది. బంతి ఇంట్లోకి వచ్చిన రోజే, ఈ గుమ్మడికాయని గుమ్మానికి కడితే దిష్టయినా పోద్దని వెక్కిరించింది మీరు కాదా అంది. కోడలు సంపాదించడం కంటికి నలుసైపోయిందంది. ఉద్యోగం పోతే రోజంతా వంటింట్లో పడి ఉంటుందనేగా ఈ పని అంది.

దేముడమ్మ ఓపిగ్గా అంతా విని, చేతులు పమిటకి తుడుచుకుంది.

"అయిందా? ఈ బొట్టు ఉతికే బట్టల్లోంచి నా సేతికంటుకుంది. ఇయ్యి కూడా ఆ బట్టల్లోయే, జేబుల్లోయి."

బొడ్లోంచి రబ్బరు బ్యాండు చుట్టిన చీటీల కట్ట తీసి మంచం మీద పడేసింది. సత్యవేణి విప్పి చూసింది. ప్లాట్‌ఫాం టికెట్లు. సికింద్రాబాద్ స్టేషన్. మూడు వారాలుగా, సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఒక్క రోజూ తప్పలేదు.

"ఎవరివి ఇవి?"

"ఉజ్జోగం పోయినోడియి. ఇంట్లో సెప్పుకోనేక, పొద్దున్నే డబ్బా పట్టుకెల్లి, సాయంత్రం దాకా బెంచీ మీద కూకుంటన్నోడియి. మంగలారం ఎనకాలే ఎల్లి సూసినాను. మెడలో బిళ్ళ కూడా తియ్యకండా అన్నం తింతన్నాడు. నీకు సెప్పొద్దని సేతిలో సెయ్యేయించుకున్నాడు." దేముడమ్మ అటక కింద స్టూలు వేసుకుంది. "సోమారం నువ్వు ఆపీసుకెల్తే తెలిసిపోద్దని ఈ పని సేస్తాడని నానెరగనమ్మా. రాత్రి అటక మీద పంపు పెడతంటే సర్దుతన్నాడనుకున్నాను. నువ్వు బొట్టు మాటన్నాకే ఎరిగినాను."

అటక మీది పాత సూట్‌కేసు వెనక నుంచి గాలి పంపు లాగి సత్యవేణి కాళ్ళ దగ్గర పెట్టింది.

"కొట్టుకో. ఈ ఇంటికింక నీ ఉజ్జోగమే దిక్కు."

సత్యవేణి పంపుని ముట్టుకోలేదు. ఆమెకు అంతా అర్థమైంది, కానీ నమ్మబుద్ధి కావడం లేదు. "పేరు చెప్పండి అత్తయ్యా. మీ నోటితో వింటే గానీ నమ్మలేను."

దేముడమ్మ గోడ మీది మామగారి ఫొటో వైపు తిరిగి, రెండు చేతులూ జోడించింది.

"తప్పు కాయి మావా" అంది. తర్వాత కోడలి కళ్ళలోకి చూస్తూ, ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి ఆ పేరు పలికింది.

"కన్నబాబు."