వినే మనిషి

“ఏమండీ, కాసేపు కూర్చుంటారా? మీతో ఒక మాట చెప్పాలి.”

“ఇప్పుడా?” కళ్ళజోళ్ళ షాపాయన అద్దం ముందు నుంచి కదలకుండానే అన్నాడు. “అవతల నా సన్మానానికి టైమైపోతుంటే ఇప్పుడా నీ మాటలు? వచ్చాక చెబుదువుగాని.”

“వచ్చాక కుదరదండీ.” ఇస్త్రీ చేసిన చొక్కా పట్టుకుని భార్య గుమ్మంలోనే నిలబడింది. “ఈ ఒక్కసారికి...”

మంచం మీద ఫోన్ టింగుమంది. ఆయన చెయ్యెత్తి ఆవిణ్ణి ఆపాడు.

“ష్. ఎవరో బాధలో ఉన్నారు.”

సేవా క్లబ్బువాళ్ళు ‘మేం వింటాం’ అని ఒకటి నడుపుతున్నారు. గోడు చెప్పుకోవడానికి మనిషి లేనివాళ్ళు ఫోన్‌లో రాసి పంపుతారు, క్లబ్బు సభ్యులు జవాబు రాస్తారు. రాసేవాళ్ళ పేర్లు, నంబర్లు కనిపించవు. ఏదో ఒక మారుపేరు పెట్టుకుంటారు. ఏ సభ్యుడికి చెప్పుకోవాలో మాత్రం వాళ్ళిష్టం. ఈయనంత ఓపిగ్గా వినేవాడు క్లబ్బు మొత్తంలో లేడని పేరు. అన్నం ముందు కూర్చున్నా సరే, కబురొస్తే చెయ్యి కడిగేసుకుని జవాబు రాస్తాడు. ఈ ఏడు ఉత్తమ వాలంటీరు ఆయనే.

జవాబు పంపి, చొక్కా అందుకుంటూ అప్పుడు చూశాడు ఆవిడ చేతివైపు. కుడి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. పసుపు పూల గుడ్డ.

“అది మన దిండు గలీబు కదూ? నిక్షేపంలాంటి గలీబు చించేశావా?”

“కూర తరుగుతుంటే తెగిందండీ. బాగా లోతుగా...”

“సరే సరే. ఇంతకీ నువ్వొస్తున్నావా లేదా? అందరూ ఆలుమగలుగా వస్తారు. నేనొక్కణ్ణే ఒంటికాయ సొంఠికొమ్ములా నిలబడాలా?”

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన గుండీలు పెట్టుకుంటున్నాడు.

“మీరు వెళ్ళండి,” అంది.

ఆ గొంతులో ఏముందో వినేంత తీరిక ఆయనకి లేదు. చెప్పులు వేసుకుని బయటపడ్డాడు.

హాలు నిండిపోయింది. వేదిక మీద నాలుగు కుర్చీలు, వెనక పొడుగాటి ఆకుపచ్చ తెర, కీచుమంటున్న మైకు. అధ్యక్షుడు ఎదురొచ్చి ఆయన భుజం తట్టాడు.

“మీ ఆవిడ రాలేదా? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మాకు చూపించలేదు. పెట్టెలో పెట్టి దాచుకున్నారా ఏంటయ్యా?”

“తలనొప్పటండీ,” అని నవ్వేశాడు.

సభ మొదలైంది. అధ్యక్షుడు మైకు అందుకున్నాడు.

“ఈయన్ని మేం ఎంచుకోలేదు. ఒక ఆడకూతురు ఎంచుకుంది. పిచ్చుక అన్న పేరుతో రాస్తుందామె. మధ్యలో ఈయనకి పని ఎక్కువైందని ఇంకొకరికి అప్పగిస్తామన్నాం. ససేమిరా అంది. రాస్తే ఈయనకే రాస్తానంది.”

పిచ్చుక పేరు వినగానే ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు. ఎంతమందికి రాసినా ఆమె రాతలే ఆయన్ని పట్టుకుని వదలవు. ‘ఇంట్లో గోడకి చెప్పుకోవడం నయం, అది తిరిగి విసుక్కోదు’ అని రాసిన రోజు ఆయన షాపులో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. ఎవడమ్మా నీ మొగుడు, మనిషా మానా అని కోపంగా జవాబు రాశాడు. మొన్న ఆమె మరీ నీరసంగా రాస్తే ఇక ఉండబట్టలేకపోయాడు. ‘ఆఖరిసారి అడిగి చూడండి. అప్పుడూ వినకపోతే ఒక్క పూట కూడా ఆ ఇంట్లో ఉండకండి. మీ అక్క దగ్గరికి వెళ్ళిపోండి’ అని గట్టిగా చెప్పాడు.

“ఆమె ఇవాళ వచ్చింది,” అన్నాడు అధ్యక్షుడు. హాల్లో కలకలం రేగింది. “ఈయన చెప్పినట్టే ఆఖరిసారి అడిగిందట. వినలేదట. పెట్టె సర్దుకుని వచ్చేసింది. ఇటునుంచి ఇటే బస్సెక్కుతోంది. మన నియమం ప్రకారం ముఖం చూపించదు. ఈ తెర వెనకే ఉంది. జ్ఞాపిక మాత్రం తన చేత్తోనే ఇస్తానని పట్టుబట్టింది.”

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. కళ్ళజోళ్ళ షాపాయన పక్క కుర్చీవైపు వంగాడు.

“అప్పుడూ వినలేదట చూశారా, దౌర్భాగ్యుడు,” అన్నాడు పక్కనున్న కోశాధికారితో. “ఇలాంటి మనిషిని పోగొట్టుకున్నాక గానీ తెలిసిరాదు వాడికి.”

లేచి తెర దగ్గరికి నడిచాడు. అవతల ఎవరో ముక్కు ఎగబీల్చారు. పాపం, ఏడుస్తోంది. ఆయనకి జాలి ముంచుకొచ్చింది. తెరకి దగ్గరగా వంగి, చంటిపిల్లని ఓదార్చేంత మెత్తగా అన్నాడు.

“భయపడకండమ్మా. మంచి పని చేశారు. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోండి.”

తెర అవతల ఏడుపు ఆగిపోయింది.

తర్వాత తెర సందులోంచి జ్ఞాపిక మెల్లగా బయటికి వచ్చింది. ఆయన రెండు చేతులూ చాచాడు.

దాన్ని పట్టుకున్న బొటనవేలికి పసుపు పూల గుడ్డ కట్టి ఉంది.