కుంపటి చాలని గది

బయటి ఎండకు మనిషి నిలవలేడని అపార్టుమెంట్లన్నిటికీ వేడిని పీల్చే గోడలు పెట్టారు. మా కోడలు ప్రసూన నెలలు నిండకుండానే బిడ్డను కన్నది. బాలింత మంచం కింద ఆనవాయితీగా కుంపటి పెట్టాను. నిప్పుల వేడంతా గోడలే తాగేశాయి. బిడ్డ ఒళ్ళు చల్లబడుతోంది.

“వేడంటే అణువుల గంతులే కద మామయ్యా. ఈ పాడు గోడలు వాటిని గంతెయ్యనియ్యవు,” అని ఏడ్చింది ప్రసూన.

“మన గదికి ఆపలేమా?” అన్నాను.

“గోడలు తాగిన వేడిని బయటికి లాగే గొట్టం బిల్డింగంతటికీ ఒకటే.”

సుత్తి తెచ్చి ఆ గొట్టం పగలగొట్టాను. కాసేపటికి గది కాగింది. బిడ్డ కెవ్వుమంది. అంతలో పక్కవాటా వీరాస్వామి తలుపు బాదాడు.

“బాబాయ్, గోడలు ఆగిపోయినయ్! మా అమ్మకి ఊపిరాడట్లేదు, ఒకసారి రా!”

నేను తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను.