జోగులమ్మ చీటీ

"మీ ఆయన పేరు చెప్పు జోగులమ్మా."

"చెప్ప."

కంప్యూటర్ ముందున్న అర్చన తల పట్టుకుంది. ఎంసీఏ పూర్తిచేసి ఆ మార్కెట్ యార్డులో చేరి రెండు నెలలే. కిటికీ బయట పల్లికాయ తెచ్చిన రైతుల లైను గేటు దాకా ఉంది.

"పదేండ్లాయె ఆయన నన్ను ఇడిచిపెట్టి. దున్నింది నేను, పెరికింది నేను. పోయినేడు ఆయన పేరు రాయిస్తే, ఆయనొచ్చి చెక్కు పట్టుకపోయిండు. ఈసారి నా పేరొక్కటే రాయి బిడ్డా."

"నేను రాస్త. కంప్యూటర్ ఒప్పుకోదు."

నిజంగానే ఒప్పుకోదు. పెళ్లయిన ఆడమనిషికి భర్త పేరు గడి నింపకపోతే చీటీ రాదు. చీటీ లేనిదే వేలం లేదు. వేలం పదకొండింటికి. అప్పటికే పది దాటింది.

"ఏ మహానుభావుడు రాసిండో ఈ ప్రోగ్రాం," అని అర్చన పళ్లు నూరింది.

"ఈ ప్రోగ్రాంల రైతు క్లాస్‌కు కన్‌స్ట్రక్టర్ ఒక్కటే ఉన్నదా?"

అడిగింది జోగులమ్మ వెనకాల నిలబడ్డ ఆడమనిషి. నలభై ఏళ్లుంటాయి. నేత చీర, బస్తా మోసినట్టు జుట్టు నిండా దుమ్ము. అర్చన నోరు తెరిచి, మూయడం మరిచిపోయింది.

"ఒక్కటే అక్కా. కొత్త రైతు పేరు ఎక్కాలంటే ఆ కన్‌స్ట్రక్టర్ వాకిట్లోంచే రావాలె. అది భర్త పేరు అడుగుతది. మారుద్దామంటే అసలు కోడ్ హైదరాబాద్ కంపెనీ దగ్గరుంది."

"పాతదాన్ని ముట్టకు. బయట ఇంకో ఫైల్ల ఆస్పెక్ట్ రాయి, పాతదానికి అతుకు లెక్క. అండ్ల రైతు క్లాస్‌కే ఇంకో కన్‌స్ట్రక్టర్ పెట్టొచ్చు. పేరు, ఊరు. గంతే."

"బయట రాసింది లోపలికెట్ల పోతది?"

"గద్వాల చీర చూడలేదా? ఒళ్లు నూలు, అంచు పట్టు. రెంటినీ కలిపి నేస్తరు గద. ఇదీ గంతే."

ఆమె కొంగు ముడి విప్పింది. అందులోంచి పెన్‌డ్రైవ్ తీసి, "నేసే మగ్గం దీంట్ల ఉన్నది," అంది.

బయటివాళ్లను లోపలికి రానిస్తే ఉద్యోగానికే ఎసరు. అర్చన ఒక్క క్షణం జోగులమ్మ ముఖం చూసింది, లేచి తలుపు తీసింది.

లోపలికొచ్చినా ఆమె కీబోర్డు ముట్టలేదు. "నువ్వే రాయి. రేపు ఇంకో జోగులమ్మ వస్తే నేనుండ," అంది.

అర్చన రాసింది. మొదటిసారి చీటీ రాలేదు.

"గడి ఖాళీగుంటే కొత్తదాన్ని పిలువమని గూడ అండ్లనే రాయి. పరేషాన్ గాకు."

రెండోసారి ప్రింటర్ గరగరలాడింది. జోగులమ్మ, బిజినేపల్లి.

"ఇండ్ల నా పేరే ఉన్నదా?" చదువు రాని జోగులమ్మ చీటీని అటూ ఇటూ తిప్పింది.

"నీ పేరొక్కటే ఉన్నది."

జోగులమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అంతే, లైనులో ఉన్న ఆడవాళ్లంతా కిటికీ మీద పడ్డారు. "నాది గూడ మార్చు బిడ్డా," అని ఎంకమ్మ. "నాదీ," అని బుచ్చమ్మ. మగవాళ్లు గొణిగారు గానీ, వినేదెవరు? వేలం గంట కొట్టేసరికి పదకొండు మంది సొంత పేర్లతో చీటీలు పట్టుకున్నారు. అర్చనకు గాల్లో తేలినట్టుంది.

తిరిగి చూస్తే ఆ నేత చీర ఆమె లేదు.

"గద్వాల బస్సెక్కింది," అంది జోగులమ్మ.

"ఆమె నీకేమైతది?"

"ఏం గాదు. పొద్దున బస్సుల పక్కన కూసున్నది. నా కత ఇని నాతోని దిగింది, బస్తాలు గూడ మోసింది."

పేరైనా అడగలేదని అర్చన నొచ్చుకుంది.

సాయంత్రం భయపడుతూనే హైదరాబాద్ కంపెనీకి ఫోన్ చేసి, చేసిందంతా చెప్పింది. అవతలి మనిషి ఏం రాసిందో రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"ఆస్పెక్ట్‌తో గట్ల కన్‌స్ట్రక్టర్ పెట్టేది మా దగ్గర ఒక్కరే ఉండె. గద్వాల అనితా మేడం. రైతు క్లాస్ రాసిందే ఆమె."

"మరి ఆ భర్త గడి ఎందుకు పెట్టింది?"

"అది పెట్టింది మేం. పెట్టనంటే పెట్టనని కొట్లాడి, ఆమె నౌకరే ఇడిచిపెట్టి పోయింది."